నారి లాగాక ఎంతసేపు ఆగాలి? సంప్రదాయ విలువిద్యలో తెగని వాదన

మన సినిమాల్లో కథానాయకుడు విల్లు ఎక్కుపెట్టి, నారిని చెవిదాకా లాగి, ఒక పేజీ సంభాషణ పూర్తిచేసి, ఆ తర్వాత తీరిగ్గా బాణం వదులుతాడు. చెయ్యి వణకదు, గొంతు వణకదు. ఫోనులో తిరిగే చిన్న వీడియోల్లో ఇందుకు పూర్తిగా భిన్నమైన దృశ్యం కనిపిస్తుంది. అక్కడ లాగడం, వదలడం ఒకే కదలికలో అయిపోతాయి. విలుకాడు మధ్యలో ఆగాడో లేదో కూడా తెలియదు. ఒలింపిక్స్ చూసేవారికి తెలిసిన దృశ్యం మూడోది. నారి గడ్డానికి ఆని ఉంటుంది, రెండు మూడు సెకన్లు ఏమీ జరగనట్టు ఉంటుంది, బాణం వెళ్లిపోతుంది.

కొత్తగా విల్లు పట్టినవారు ఈ మూడింటిలో ఏది సరైనదని అడిగితే, ఎవరిని అడిగారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. ఆనగానే వదలమని ఒకరు, మనసులో మూడు లెక్కపెట్టమని మరొకరు, బాణం తనంతట తాను వెళ్లేదాకా ఆగమని ఇంకొకరు. విచిత్రమేమిటంటే ముగ్గురూ అనుభవజ్ఞులే, ముగ్గురి బాణాలూ గురి తప్పవు. ముగ్గురి చేతుల్లోనూ ఉన్నవి వేరువేరు విళ్లు, వారు వేస్తున్నది వేరువేరు గురి. సెకన్ల సంగతి తేలాలంటే ముందు అక్కడినుంచి రావాలి.

నిండుగా లాగినప్పుడు చేతిమీద ఉండే బరువు

నారిని ప్రతిసారీ ఒకే చోటికి, అంటే పెదవి మూలకో, గడ్డం కిందికో, చెంప ఎముక దగ్గరికో లాగి ఆనించిన స్థితిని విలుకాళ్లు ఫుల్ డ్రా అంటారు. ఆనించే ఆ చోటు యాంకర్. అక్కడ నారి వేళ్లను ముందుకు లాగే బలం డ్రా వెయిట్. దాన్ని పౌండ్లలో చెబుతారు. విల్లు మీద రాసి ఉండే అంకె సాధారణంగా 28 అంగుళాల లాగుడుకు సంబంధించినది. చేతులు పొడుగ్గా ఉండి అంతకన్నా ఎక్కువ లాగేవారికి అదే విల్లు ఇంకా బరువుగా ఉంటుంది.

45 పౌండ్లు అంటే సుమారు 20 కిలోలు. నీళ్లు నిండిన 20 లీటర్ల క్యానును మూడు వేళ్లకు తగిలించుకుని, దాన్ని కదలనివ్వకుండా దూరాన ఉన్న చిన్న చుక్కను చూడటం ఎలా ఉంటుందో ఊహించుకుంటే సంప్రదాయ విలుకాడి పరిస్థితి అర్థమవుతుంది.

సంప్రదాయ విల్లు అంటే ఇక్కడ లాంగ్‌బో, గురి చూడటానికి బిగించే సైట్లూ స్థిరీకరించే కడ్డీలూ లేని, కొసలు ముందుకు వంగి ఉండే రీకర్వ్, వెదురు విల్లు, కొమ్ముతో చేసిన ఆసియా విళ్లు, జపాన్ యుమి. వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. లాగేకొద్దీ బరువు పెరుగుతూనే ఉంటుంది. చివరి అంగుళాల్లో ఒక్కో అంగుళానికి రెండు మూడు పౌండ్లు ఎక్కుతుంది. అంటే అన్నిటికన్నా ఎక్కువ బరువు మోయాల్సింది సరిగ్గా గురి చూడాల్సిన వేళలోనే.

కాంపౌండ్ విల్లు ఈ లెక్కను తలకిందులు చేసింది. అమెరికాలోని మిస్సోరికి చెందిన హోలెస్ విల్బర్ అలెన్ 1966లో దానికి పేటెంటు కోరాడు, 1969లో వచ్చింది. దాని కొసల్లో ఉండే చక్రాల వల్ల లాగుడు మధ్యలో బరువు శిఖరానికి చేరి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. 60 పౌండ్ల కాంపౌండ్ విల్లుకు 80 శాతం తగ్గింపు ఉంటే యాంకర్ దగ్గర చేతిమీద మిగిలేది 12 పౌండ్లు, అంటే ఐదున్నర కిలోలు. విజయవాడ నుంచి వచ్చిన ఇద్దరు ప్రసిద్ధ క్రీడాకారుల్లో వెన్నం జ్యోతి సురేఖది కాంపౌండ్, బొమ్మదేవర ధీరజ్‌ది రీకర్వ్. టీవీలో ఇద్దరూ ఒకే ఆట ఆడుతున్నట్టే కనిపిస్తారు కానీ, నారి ఆనించాక వారి వేళ్లూ భుజాలూ మోసే బరువుల మధ్య ఇంత తేడా ఉంటుంది. కాంపౌండ్ వాడే వారు చెప్పే సెకన్లను వెదురు విల్లు పట్టుకున్నవారు అరువు తెచ్చుకోవడం ఈ గందరగోళంలో సగానికి కారణమని నా అభిప్రాయం.

ఆ రెండు మూడు సెకన్లలో జరిగే పని

బయటికి ఏమీ జరగనట్టు కనిపించే ఆ వ్యవధిలో విలుకాడి శరీరం ఊరికే ఉండదు. నారిని లాగేటప్పుడు మోచేయి, ముంజేయి కండరాలు చాలా భాగం పనిచేస్తాయి. యాంకర్‌కు చేరాక ఆ బరువును వాటినుంచి తప్పించి భుజం రెక్కల మధ్య ఉన్న వీపు కండరాలకు అప్పగించాలి. మోచేయి కాస్త వెనక్కి తిరిగి, బాణం, ముంజేయి ఒకే గీతలోకి వస్తాయి. దీనికి సాధన ఉన్నవారికి ఒక సెకను అటూ ఇటూగా పడుతుంది. అప్పుడు బరువులో కొంత ఎముకలు మోస్తాయి, విల్లు పట్టిన చెయ్యి కుదురుకుంటుంది.

తర్వాతిది గురి. ఇక్కడే పద్ధతుల మధ్య తేడాలు మొదలవుతాయి. బాణం మొనను లక్ష్యానికి ఇంత కిందో ఇంత పైనో ఉంచి దూరాన్ని లెక్కగట్టేవారికి చూపు రెండు చోట్ల సరిచూసుకోవాలి, అందుకు సమయం కావాలి. బాణాన్ని పట్టించుకోకుండా లక్ష్యాన్ని మాత్రమే చూస్తూ, చెయ్యి అలవాటు మీద ఆధారపడే సహజ గురివారికి ఆ పని విల్లు ఎత్తుతున్నప్పుడే చాలావరకు అయిపోతుంది. వారు యాంకర్ దగ్గర ఎక్కువసేపు ఆగినా కొత్తగా వచ్చేదేమీ ఉండదు. పైగా చూపు లక్ష్యం మీదినుంచి బాణం మొన మీదికి జారి, ఉన్న గురి చెదిరిపోవచ్చు.

మూడోది వదిలే నిర్ణయం. ఇది ముందు రెండూ పూర్తయ్యాక రావాలి. చాలామంది కొత్తవారిలో ఇది రావాల్సినప్పుడు రాదు. గురి కుదిరాక కూడా ఇంకాస్త కుదురుతుందేమోనని చూస్తారు. బయటినుంచి చూస్తే ఆ సెకన్లు కూడా ఆగడంలాగే కనిపిస్తాయి కానీ, వాటిలో పని జరగదు, అలసట మాత్రం పెరుగుతుంది.

కండరం ఇచ్చే గడువు

కదలకుండా బరువు పట్టి ఉంచినప్పుడు కండరం ఎంతసేపు తట్టుకుంటుందన్నదాన్ని జర్మన్ శాస్త్రవేత్త వాల్టర్ రోమెర్ట్ 1960లో ఒక వక్రరేఖగా చూపించాడు. మన గరిష్ఠ శక్తిలో సగం వాడుతూ పట్టి ఉంచితే సుమారు ఒక నిమిషంలో కండరం చేతులెత్తేస్తుంది. ముప్పావు వంతు వాడితే అరనిమిషం కూడా దాటడం కష్టం. 15 శాతం లోపు అయితే చాలాసేపు ఇబ్బంది ఉండదు. ఏ కండరమన్నదాన్ని బట్టి, మనిషిని బట్టి ఈ అంకెలు మారతాయి కానీ రేఖ వంపు మాత్రం అదే: బరువు కొంచెం పెరిగితే గడువు బాగా తగ్గిపోతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒకరు తన శక్తినంతా కూడగట్టి యాంకర్ దాకా లాగి నిలపగల గరిష్ఠ బరువు 60 పౌండ్లు అనుకుందాం. చేతికి 45 పౌండ్ల విల్లు ఇస్తే ముప్పావు వంతు శక్తి అక్కడే ఖర్చవుతోంది. 30 పౌండ్ల విల్లు ఇస్తే సగం. మొదటి విల్లుతో నాలుగో సెకనులో వచ్చే వణుకు రెండోదానితో చాలా ఆలస్యంగా మొదలవుతుంది. రోమెర్ట్ లెక్క పూర్తిగా ఓడిపోయే సమయం గురించి. గురి చెడగొట్టే సన్నని వణుకు అంతకన్నా చాలా ముందే వస్తుంది. పైగా ఇది ఒక్క బాణం లెక్క. రోజుకు వంద బాణాలు వేసేవారికి డెబ్బయ్యో బాణం దగ్గర గరిష్ఠ శక్తి 60 దగ్గర ఉండదు, 45 మాత్రం 45గానే ఉంటుంది.

అందుకే ఎన్ని సెకన్లు అన్న ప్రశ్నకు చాలాసార్లు అసలు జవాబు విల్లు మీద రాసి ఉన్న పౌండ్లలో ఉంటుంది. మగపిల్లల్లో ముఖ్యంగా బరువైన విల్లు పట్టడం ఒక గొప్ప. ఆ గొప్ప కోసం తీసుకున్న విల్లే తర్వాత వారిని ఆగనివ్వదు.

ఒక అంగుళం జారితే ఏమవుతుంది

ఎక్కువసేపు ఆగినప్పుడు వచ్చే నష్టం వణుకు ఒక్కటే కాదు. కండరం సడలుతున్నకొద్దీ నారి విలుకాడికి తెలియకుండానే ముందుకు జారుతుంది. వేళ్లు గడ్డానికి ఆనే ఉన్నాయని అనిపిస్తుంది, కానీ తల కాస్త ముందుకు వంగి ఉంటుంది, లేదా విల్లు పట్టిన భుజం లోపలికి కుంగి ఉంటుంది.

లెక్క వేసి చూద్దాం. 28 అంగుళాల దగ్గర 45 పౌండ్లు ఉన్న విల్లు. చివరి అంగుళానికి రెండున్నర పౌండ్లు తగ్గుతుందనుకుంటే 27 అంగుళాల దగ్గర 42.5. విల్లులో దాగే శక్తి లాగిన దూరం, బలం రెండింటి మీదా ఆధారపడుతుంది కాబట్టి ఆ ఒక్క అంగుళం వల్ల పోయేది మొత్తంలో దాదాపు పదో వంతు. వేగం శక్తికి వర్గమూలంగా మారుతుంది, అంటే బాణం సుమారు 5 శాతం నెమ్మదిస్తుంది. సెకనుకు 52 మీటర్ల వేగంతో వెళ్లాల్సిన బాణం 49 మీటర్ల చిల్లరతో వెళుతుంది. 18 మీటర్ల దూరంలో అది దాదాపు 7 సెంటీమీటర్లు కిందికి తగులుతుంది. ఇండోర్ పోటీల్లో ఆ దూరానికి వాడే 40 సెంటీమీటర్ల లక్ష్యంపై ఒక్కో వలయం వెడల్పు 2 సెంటీమీటర్లు. పది మార్కులు రావాల్సిన బాణం ఏడుకో ఆరుకో దిగిపోతుందన్నమాట. అర అంగుళం జారినా 3 సెంటీమీటర్ల పైన తేడా వస్తుంది.

ఒలింపిక్ రీకర్వ్ వాడేవారు ఈ జారుడును పట్టుకోవడానికే విల్లుకు క్లిక్కర్ అనే సన్నని లోహపు రేకు బిగిస్తారు. బాణం మొన దాని కిందినుంచి పూర్తిగా వెనక్కి వచ్చినప్పుడే టక్కుమంటుంది. ఆ శబ్దం వస్తే లాగుడు సరిపోయిందని అర్థం. సంప్రదాయ విలుకాడికి ఆ కాపలా లేదు. అతను చేయగలిగిందల్లా యాంకర్ దగ్గర కూడా వెనక్కి లాగుతూనే ఉండటం, కంటికి కనిపించనంత నెమ్మదిగానైనా సరే. నిలకడగా ఆగడం అని మనం అనుకునేది నిజానికి ఆగని లాగుడు. అది సాగినంతసేపూ బాగానే ఉంటుంది. లాగుడు నిలిచిపోయిన క్షణంనుంచి జారుడు మొదలవుతుంది.

చెక్క వైపునుంచి చూస్తే

ఈ వాదన కొత్తది కాదు. ఇంగ్లండులో రోజర్ ఆస్కమ్ 1545లో రాజు ఎనిమిదో హెన్రీకి సమర్పించిన ‘టాక్సోఫిలస్’ విలువిద్య గురించి ఇంగ్లీషులో వచ్చిన తొలి పుస్తకం. నిలబడటం, నారికి బాణం తగిలించడం, లాగడం, పట్టి ఉంచడం, వదలడం అని అతను విలువిద్యను ఐదుగా విభజించాడు. నాలుగోది ఎక్కువసేపు ఉండకూడదన్నాడు. విల్లు విరిగే ప్రమాదం, గురి చెడే ప్రమాదం రెండూ ఉన్నాయని కారణం చెప్పాడు. ఆగినట్టు వదిలాక మనసుకు తెలియాలే తప్ప, ఆగుతుండగా కంటికి కనిపించకూడదన్నది అతని కొలత.

విల్లు విరిగే మాట అతిశయోక్తి కాదు. చెక్కను వంచి అలాగే పట్టి ఉంచితే దాని నారలు ఆ వంపుకు లొంగుతూ పోతాయి, తిరిగి తోసే బలం కొద్దికొద్దిగా తగ్గుతుంది. ఎక్కువసార్లు అలా చేస్తే విల్లు వదిలేశాక కూడా కొంచెం వంగే ఉండిపోతుంది, దాని చురుకు పోతుంది. విళ్లు చేసేవారు కొత్త విల్లును సరిచూసేటప్పుడు కూడా నిండా లాగి ఎక్కువసేపు ఉంచరు. ఇప్పటి ఫైబర్‌గ్లాస్ పొరలున్న విళ్లలో ఈ భయం చాలా తక్కువ. కాబట్టి ఆస్కమ్ చెప్పిన రెండు కారణాల్లో మొదటిది ఇప్పుడు అందరికీ వర్తించదు, రెండోది వర్తిస్తుంది.

ఆ పుస్తకం వెలువడిన సంవత్సరమే, 1545 జులైలో, ఇంగ్లండు యుద్ధనౌక మేరీ రోజ్ సముద్రంలో మునిగింది. 1982లో దాన్ని పైకి తీశారు. అందులో దొరికిన పొడవాటి విళ్లను పరిశీలించినవారు వాటి బరువు 100 పౌండ్లనుంచి 185 పౌండ్ల వరకూ ఉండేదని అంచనా వేశారు. చిన్నప్పటినుంచి సాధన చేసిన సైనికుడికైనా 50 కిలోల పైబడిన నారిని పట్టుకుని నిలబడటం గండమే. యుద్ధ సినిమాల్లో వరసగా నిలబడ్డ విలుకాళ్లు నిండా లాగి, సేనాని ఆజ్ఞ కోసం ఎదురుచూసే దృశ్యం 1415 నాటి అజిన్‌కోర్ట్ యుద్ధానికైనా మరో యుద్ధానికైనా పొసగదు.

ఆనగానే వదిలేవారు

ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ విలుకాళ్లలో హోవర్డ్ హిల్ పేరు చాలా పెద్దది. 1938లో వచ్చిన రాబిన్ హుడ్ సినిమాలో బాణాలు వేసినది ఇతనే. అతనివి బరువైన లాంగ్‌బోలు. విల్లు ఎత్తడం, లాగడం, గురి కుదరడం ఒక్క ఊపులో సాగేవి. వేటగాడిగా పేరుపొందిన ఫ్రెడ్ బేర్ కూడా యాంకర్ తాకీ తాకగానే వదిలేవాడు. వేటలో జంతువు నిలబడే సమయం మన చేతిలో ఉండదు, దూరాలు తక్కువ, వేయాల్సినది ఒక్క బాణం. గుర్రం మీదినుంచి వేసేవారికైతే గుర్రం నడకే గడియారం. ఈ పరిస్థితుల్లో తక్కువ వ్యవధి అవసరం కూడా, లాభం కూడా. చెయ్యి తాజాగా ఉండగానే, లాగుడు ఇంకా వెనక్కి సాగుతుండగానే నారి వదులుతుంది కాబట్టి ముందు చెప్పిన జారుడుకు చోటే లేదు.

అయితే ఈ పద్ధతిని అనుకరించేవారిలో చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. ఆనగానే వదలడం వేరు, ఆనకముందే వదలడం వేరు. ఒకసారి పెదవి మూల దగ్గర, ఒకసారి దానికి రెండు అంగుళాల ముందు వదిలితే, పై లెక్క ప్రకారం బాణాలు నిలువునా చెల్లాచెదురవుతాయి. హిల్ లాంటివారి వేగం వెనక ప్రతిసారీ ఒకే చోటికి చేరే లాగుడు ఉంది. వీడియోలో కనిపించేది వేగం మాత్రమే.

ఆగి వదిలేవారు, వారిలో జపాన్ వారు

సైట్లు లేకుండానే లక్ష్య పోటీల్లో పాల్గొనే బేర్‌బో క్రీడాకారులు సాధారణంగా రెండునుంచి నాలుగు సెకన్లు ఆగుతారు. వారికి వేటగాడి తొందర లేదు, వేయాల్సిన బాణాలు డజన్ల కొద్దీ ఉన్నాయి. ప్రతి బాణం ముందుదానిలాగే ఉండాలి. ఆ చిన్న విరామం వారికి తనిఖీ చేసుకునే చోటు. భుజం కుదిరిందా, బాణం మొన చోటుకు వచ్చిందా అని చూసుకునే వీలు లేకపోతే తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత కూడా తెలియదు. అందుకే శిక్షకులు ఆనగానే వదిలే శైలిని కొత్తవారికి నేర్పడానికి ఇష్టపడరు. మన దేశంలో చాలామంది పిల్లలు మొదలుపెట్టే ఇండియన్ రౌండ్, అంటే వెదురు విల్లుతో 50, 30 మీటర్ల దూరాలకు వేసే పోటీ, ఇలాంటి నిలకడనే కోరుతుంది.

జపాన్ సంప్రదాయ విలువిద్య అయిన క్యూదోలో ఈ విరామానికి సొంత స్థానమే ఉంది. బాణం వేయడాన్ని ఎనిమిది దశలుగా నేర్పుతారు. ఆరోది కాయ్, నిండుగా లాగిన స్థితి. ఏడోది హనారే, విడుదల. కాయ్‌లో కొన్ని సెకన్లు ఉండాలి, ఉన్నంతసేపూ శరీరం నాలుగు వైపులా విస్తరిస్తూ ఉండాలి, ఆ విస్తరణ పండిన చోట విడుదల జరగాలి అంటారు. ఇందులో ఆధ్యాత్మికత ఉంది కానీ, పనిముట్ల పాత్ర కూడా తక్కువేం కాదు. రెండు మీటర్లు దాటిన యుమిని వారు నారి చెవి వెనక్కి వెళ్లేదాకా లాగుతారు. నారిని మోసేది వేళ్ల కొసలు కాదు, బొటనవేలి దగ్గర గట్టి గాడి ఉన్న జింకతోలు తొడుగు. మామూలు సాధనలో విల్లు బరువు కూడా సాధారణంగా 10నుంచి 20 కిలోల మధ్య ఉంటుంది. హిల్ విల్లు చేతికిచ్చి కాయ్‌లో నిలబడమంటే క్యూదో గురువుకూ కష్టమే.

క్యూదోలో రెండు లోపాలకు పేర్లున్నాయి. కాయ్ పండకముందే వదిలేయడం హయకే. పండినా వదలలేక వేలాడటం మొతారే. తక్కువ ఆగడమే కాదు, ఎక్కువ ఆగడమూ అక్కడ దోషమే అన్న సంగతి క్యూదోను దూరంనుంచి మెచ్చుకునేవారికి తరచు తెలియదు.

ఒకే సెకను, ఇద్దరు విలుకాళ్లు

హయకేకు పశ్చిమ దేశాల్లో ఉన్న పేరు టార్గెట్ పానిక్. గురి లక్ష్యం మీదికి వచ్చీరాగానే వేళ్లు వాటంతట అవే తెరుచుకుంటాయి, లేదా చెయ్యి లక్ష్యానికి కాస్త కిందే బిగుసుకుపోయి పైకి రాదు. ఇది బలహీనత వల్ల వచ్చేది కాదు. ఏళ్ల అనుభవం ఉన్నవారినీ పట్టుకుంటుంది.

ఇద్దరు విలుకాళ్లను పక్కపక్కన ఊహించుకోండి. ఇద్దరూ యాంకర్ దగ్గర సరిగ్గా ఒక సెకను ఆగి వదులుతున్నారు. గడియారం పట్టుకున్నవారికి ఇద్దరూ ఒకటే. ఇప్పుడు శిక్షకుడు ఇద్దరినీ విల్లు లాగి, గురి చూసి, వదలకుండా నెమ్మదిగా దించమంటాడు. మొదటి వ్యక్తి దించుతాడు. రెండోవాడు దించలేడు, బాణం వెళ్లిపోతుంది. మొదటివాడి ఒక సెకను అతను ఎంచుకున్నది. రెండోవాడి ఒక సెకను అతని చేతిలో లేదు. ఎన్ని సెకన్లు ఆగుతున్నావన్న ప్రశ్న ఈ తేడాను ఎప్పటికీ చూపించదు.

ఆదిపర్వంలో ద్రోణుడు పెట్టిన పక్షి పరీక్షను ఏకాగ్రత కథగా మనందరం విన్నాం. విలువిద్య కళ్లతో చదివితే అందులో ఇంకొకటి కనిపిస్తుంది. ధర్మరాజు విల్లు లాగి గురిపెట్టి నిలబడ్డాడు, గురువు చెప్పేదాకా వదలకూడదు. అదే స్థితిలో ప్రశ్నలు మొదలయ్యాయి. చెట్టు కనబడుతోందా, నేను కనబడుతున్నానా, నీ సోదరులు? అందరూ కనబడుతున్నారన్న ధర్మరాజును పక్కకు తప్పించాడు. తర్వాత వచ్చినవారి సంగతీ అంతే. పక్షి తల తప్ప ఏమీ కనబడటం లేదన్న అర్జునుడికి మాత్రమే అనుమతి దొరికింది. లాగిన విల్లు చేతిలో ఉండగా మాట్లాడించడం, వదలడానికి వేరొకరి ఆజ్ఞ కావాలనడం, సరిగా లేకపోతే దించి పక్కకు పొమ్మనడం: ఇప్పటి శిక్షకులు టార్గెట్ పానిక్‌కు చేయించే సాధన దీనికి చాలా దగ్గరగా ఉంటుంది. ఇది నా చదువు మాత్రమే, కావ్యం అలా చెప్పలేదు.

అంకెల దగ్గరికి వస్తే

చక్రాల సాయం లేని విల్లుతో, తన శక్తికి తగిన బరువు ఎంచుకున్నవారు లక్ష్య సాధనలో ఒకటినుంచి నాలుగు సెకన్ల మధ్య తమ చోటు కనుక్కుంటారు. వేటకు, గుర్రపు స్వారీకి, చాలా బరువైన విళ్లకు అది సెకనులోపే. ఐదారు సెకన్లు దాటాక గురి మెరుగుపడటం అరుదు. చూపు ఒకేచోట నిలిచి మసకబారుతుంది, బిగబట్టిన ఊపిరి ఇబ్బంది పెడుతుంది, కండరం సంగతి ముందే చూశాం. ఇదే మనిషి ఏడాది సాధన తర్వాత అదే విల్లుతో ఇంకో సెకను హాయిగా ఆగగలడు. అంతమాత్రాన ఆ సెకను వాడుకోవాలని లేదు.

ఆ వ్యవధి దాటిపోతే ఉన్న మార్గం దించడం. నారిని నెమ్మదిగా ముందుకు పోనిచ్చి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలుపెట్టడం. వేటగాడికి ఆ అవకాశం ప్రతిసారీ ఉండదు. క్యూదోలో విల్లు ఎత్తాక దించడం మర్యాద కాదు. ఒలింపిక్ తరహా వ్యక్తిగత పోరులో ఒక్కో బాణానికి 20 సెకన్లే ఇస్తారు, ఎత్తడం, లాగడం, గురి అన్నీ అందులోనే. పదో సెకను దగ్గర దించినవారికి రెండో ప్రయత్నానికి సమయం మిగులుతుంది, పదిహేనో సెకను దాకా పట్టి చూసినవారికి మిగలదు.